మూడో చాప

పొదిలి
9 నవంబరు 2025

పెదనాన్నకు,

మొన్న ఫోనులో నేను సగం చెప్పేలోపే "సరేనమ్మా, ఉంటా" అని పెట్టేశావు. చెవి మిషను ఈల వేస్తుంటే నువ్వు మాత్రం ఏం చేస్తావులే. అందుకే ఈ ఉత్తరం. తీరిగ్గా చదువు. పెద్దమ్మకు కూడా చదివి వినిపించు, నీ సొంత మాటలు కలపకుండా.

ఉద్యోగంలో చేరి మూడు వారాలైంది. పొదిలిలో గది తీసుకుని రోజూ ఆటోలో ఊరికి వెళ్ళొస్తున్నాను. చుట్టూ మిరప, కంది, కాస్త పొగాకు. బడిలో ఇద్దరం టీచర్లం. ఒకటి, రెండు తరగతులు కలిపి ఇరవై ముగ్గురు పిల్లలు నాకు, అందరూ ఒకే గదిలో. తెలుగు, లెక్కలు ఎలాగో లాక్కొస్తున్నాను. నా ప్రాణం తీస్తున్నది ఇంగ్లీషు.

ఒంగోలులో ముచ్చటపడి ఒక రంగుల చార్టు కొనుక్కొచ్చాను. అందులో ఒక అక్షరానికి మంచుగడ్డలతో కట్టిన ఇల్లు బొమ్మ ఉంది. "ఇదేంటర్రా?" అని అడిగితే "నీళ్ళ తొట్టి బోర్లించారండీ" అన్నాడొకడు. మంచుతో ఇల్లు కడతారని చెబితే "మరి ఎండాకాలం ఏం చేస్తారండీ?" అని అన్విత అనే పిల్ల అడిగింది. ఆ ఇల్లు కరగకుండా కాపాడేసరికి ఆ పూట గడిచిపోయింది. ఇంగ్లీషు మాట ఒక్కటీ రాలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. కార్తిక్ అనేవాడు పోయినేడు పొదిలిలో కాన్వెంటుకు వెళ్ళొచ్చాడు. నేను నోరు తెరవకముందే జవాబు చెప్పేస్తాడు. వాడి వెనక నలుగురైదుగురు అందుకుంటారు. మిగతావాళ్ళు వాడి నోటివంక చూస్తూ కూర్చుంటారు. వాడికి సరిపోయేట్టు చెబితే వీళ్ళకు అందదు. వీళ్ళకు చెబితే వాడు పలక మీద దరువేస్తాడు. "పిల్లల స్థాయిని బట్టి బోధించండి" అని మాకు శిక్షణలో చెప్పారు. ఆ స్థాయి ఎలా తెలుసుకోవాలో చెప్పేలోపు భోజనాల వేళయింది.

ముప్పై ఏళ్ళు గుంటూరు మిర్చి యార్డులో బస్తాలో చెయ్యి పెట్టి సరుకు రకం చెప్పినవాడివి. నువ్వైతే ఏం చేస్తావు?

నీ తేజ


గుంటూరు
17 నవంబరు 2025

చిరంజీవి తేజమ్మను పెదనాన్న బాపయ్య దీవించి రాయునది.

ఇక్కడ నేను బాగున్నాను. మీ పెద్దమ్మ వెంకటరావమ్మ కూడా బాగుంది, మోకాళ్ళ సంగతి అడగనంతవరకు. నీ ఉత్తరం సొంత మాటలు కలపకుండానే చదివాను. మంచు ఇల్లు దగ్గర మాత్రం కొంచెం కలిపాను. అక్కడ కలపకపోతే కథకు అందం రాదు.

నా ఇంగ్లీషు చదువు నీకు తెలిసిందే. ఎద్దు తన్ని మా నాయన కాలు విరిగింది గనుక ఆరో తరగతిలో బడి మానేశాను. తర్వాత నాకు గురువు పురుగుమందు డబ్బా. పత్తికి మందు కొట్టే రోజుల్లో ఆ డబ్బాల మీది అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను. నేర్చుకున్న మొదటి మాట పాయిజన్. రెండోది షేక్ వెల్ బిఫోర్ యూజ్. మూడోది కీప్ అవే ఫ్రం చిల్డ్రన్, అంటే పిల్లలకు దూరంగా ఉంచమని. ఈ మూడింటితోనే యార్డులో నెగ్గుకొచ్చాను. ఒకసారి ఢిల్లీ నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. అతను బస్తాలో చెయ్యి పెట్టబోతుంటే, ఏదో ఒకటి మాట్లాడకపోతే పరువు పోతుందని "షేక్ వెల్" అన్నాను. అదేదో యార్డు నియమం అనుకున్నాడు పాపం. ఆ రోజంతా ప్రతి బస్తానూ కుదిపి కుదిపి చూశాడు. సాయంత్రానికి అతని నడుం పట్టేసింది.

సరే, నీ సంగతి. కలగాపులగంగా ఉన్న సరుకును ఎవడూ కన్నెత్తి చూడడు. అందుకే ముందు ఏరాలి. నిగనిగలాడేది ఒక రాశి. ఫరవాలేదనిపించేది ఒక రాశి. రంగుపోయి తెల్లబారిన తాలుకాయ మరో రాశి. అప్పుడు దేనికి ఏం చెయ్యాలో అదే తెలుస్తుంది. నువ్వూ గదిలో మూడు చాపలు పరుచు. పది మాటలు అడిగి, వచ్చిన జవాబును బట్టి పిల్లల్ని మూడు చాపల మీదా కూర్చోబెట్టు. ఏ చాపకు తగ్గ పాఠం ఆ చాపకు చెప్పు. నా జీవితంలో నేను నేర్చుకున్న విద్య మొత్తం ఇంతే. నీకు ఉచితంగా రాసిచ్చాను.

మీ పెద్దమ్మ నీకు కందిపొడి పంపుతానంటోంది. బస్సులో ఎవరైనా దొరికితే పంపుతాం.

ఇలాగే రాస్తూ ఉండు. నాకూ పొద్దు పోవాలి.

ఆశీస్సులతో
బాపయ్య


పొదిలి
4 డిసెంబరు 2025

పెదనాన్నా,

కందిపొడి చేరింది. సగం ఇంటావిడ తినేసింది, మిగతా సగం నేను దాచాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఒక్కొక్కరినీ పిలిచి ఒక్కో నిమిషం ఇచ్చి పది బొమ్మలు చూపించాను. ఏడు జవాబులు దాటినవాళ్ళు కిటికీ పక్క చాప. నాలుగు దాటినవాళ్ళు నడిమి చాప. మిగిలినవాళ్ళు తలుపు దగ్గర చాప. ఎంత హాయిగా ఉందో! కార్తిక్ వాళ్ళకు కథ ఇచ్చి చదువుకోమంటాను. నడిమి వాళ్ళ చేత చిన్న చిన్న మాటలు అనిపిస్తాను. తలుపు దగ్గరి ఆరుగురికి అక్షరాలు దిద్దిస్తాను. గది మొదటిసారి నా మాట విన్నది.

ఒక తమాషా చెప్పనా? చాపలకు నేనేం పేర్లు పెట్టలేదు, పిల్లలే పెట్టుకున్నారు. డీలక్స్, మీడియం, తాలు! యార్డు మాటలన్నీ వీళ్ళ నాలుకల మీదే ఉన్నాయి. విని పగలబడి నవ్వాను. ఊరుకున్నాను.

ఆ మంచు ఇల్లు చార్టు చుట్టేసి బీరువా మీద పెట్టాను. దాని బదులు గోనెసంచి, తాడు, ఎండు కాయ, పచ్చి కాయ తెచ్చి పాఠం చెబుతున్నాను. రెడ్, గ్రీన్, డ్రై, వెట్, బ్యాగ్. వీటికి బొమ్మలక్కర్లేదు, వాసనే చాలు. గదంతా తుమ్ములు.

తాలు చాప మీద షాజాదీ అని ఒక పిల్ల ఉంది. ఏడేళ్ళు. వాళ్ళమ్మ ఖాదర్‌బీ కళ్ళాల్లో మిరపకాయలు ఏరే పనికి వెళ్తుంది. ఈ పిల్ల పది బొమ్మల్లో ఒక్కదానికే జవాబు చెప్పింది. మిగతావన్నీ తదేకంగా చూస్తూ కూర్చుంది. నిమిషం అయిపోయింది. మందమేమోనని నాకు అనుమానం.

తేజ


గుంటూరు
13 డిసెంబరు 2025

చి. తేజమ్మకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి మేడ మీద అద్దెకున్న అనంతపద్మనాభం గారికి చదివి వినిపించాను. ఆయన హైస్కూల్లో పనిచేసి రిటైరైన మనిషి. "మీ పద్ధతికి విదేశాల్లో పెద్ద పేరుందండీ బాపయ్య గారూ" అన్నారు. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు, సంతోషంతో. మీ పెద్దమ్మ మాత్రం "పిల్లలు కాయలా?" అంది. ఆమెకు వ్యాపారం తెలియదు.

చాపలకు వాళ్ళే పేర్లు పెట్టుకున్నారంటే నాకూ నవ్వొచ్చింది. ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఒకసారి ఏరిన రాశిని మళ్ళీ కలపకు. జాలిపడి ఆ మూలనుంచి ఒకటీ ఈ మూలనుంచి ఒకటీ అటూ ఇటూ వేశావంటే చేసిన పనంతా వృథా. యార్డులో జాలిగుండె ఉన్నవాడు నాలుగు రోజులు నిలవడు.

ఆ షాజాదీ సంగతి, మందమైతే మందమే. తగ్గ పాఠం చెప్పు. అంతకు మించి నువ్వేం చేస్తావు?

బాపయ్య


పొదిలి
20 జనవరి 2026

పెదనాన్నా,

మనసు బాగాలేదు. పలకరింపులు లేకుండా రాస్తున్నాను, ఏమనుకోకు.

కాయ కోతలు మొదలయ్యాయి. ఈ నెల మొదటి సోమవారం బడి వదిలే వేళకు ఖాదర్‌బీ వచ్చింది. చేతుల నిండా కారం మంట. కొంగుతో తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడింది. గోడపక్కన చాపలు చుట్టి పెట్టి ఉన్నాయి.

"వీటిలో తాలు చాప ఏదమ్మా?" అంది.

నేను చెప్పేలోపే కార్తిక్‌గాడు వేలు పెట్టి చూపించాడు.

"నా పిల్ల ఇన్నాళ్ళూ దీని మీదేనా కూర్చుంటంది? ఇంటికొచ్చి చెప్పలా. వీధిలో పిల్లలు తాలుపిల్లా తాలుపిల్లా అని పిలుస్తుంటే నేనేదో ఆట అనుకున్నా."

"పేరు నేను పెట్టలేదు ఖాదర్‌బీ. పాఠం వీలుగా ఉంటుందని..."

"ఏరింది నువ్వేగా? ఎప్పుడు ఏరావు టీచరమ్మా?"

"నవంబర్లో."

"నువ్వు ఊళ్ళోకొచ్చిన నెలకే!" అని నవ్వింది. తిట్టినా బాగుండేది. "నేను పదేళ్ళ వయసప్పట్నుంచీ కాయలేరతన్నా. ఎండకముందే ఎవురైనా కాయలేరతారా తల్లీ? పచ్చిమీద అన్నీ ఎర్రగానే ఉంటాయి. ఏది తాలో ఏది కాదో ఎండాకగా తెలిసేది?"

పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి షాజాదీ బడికి రావడం లేదు, తల్లితో కళ్ళానికి వెళ్తోంది. ఈ కళ్ళాల పని మార్చి నెల మధ్యకు అయిపోతుందట. ఆ తర్వాత వాళ్ళు గుంటూరు వైపు ఏరుడు పనులకు వెళ్తారట. ఒకసారి అటు వెళ్తే ఆ పిల్ల ఇక ఏ బడిలోనూ కూర్చోదని మా హెడ్మాస్టరు కనకలక్ష్మి గారు అన్నారు. ఆవిడ ఇలాంటివాళ్ళను చాలామందిని చూశారు.

నేనేం చెయ్యను?

తేజ


గుంటూరు
27 జనవరి 2026

చి. తేజమ్మకు,

కంగారు పడకు. ఇలాంటివి యార్డులో రోజూ జరిగేవే. తన సరుకుకు తక్కువ రకం కట్టామని రైతు అలుగుతాడు, బస్తాలు బండికెక్కిస్తానంటాడు. అప్పుడు మనం వెంటపడకూడదు. టీ తాగుతూ అటు చూస్తూ కూర్చోవాలి. మూడో రోజుకు తనే వస్తాడు. నువ్వు వాళ్ళింటికి వెళ్ళావంటే తప్పు చేశానని ఒప్పుకున్నట్టు. టీచరుకు అది మర్యాద కాదు.

పెద్దమ్మ కొత్త ఆవకాయ... కాదు, అది ఇంకా పెట్టలేదు. ఏదో రాయబోయి ఏదో రాస్తున్నాను.

బాపయ్య


పొదిలి
9 ఫిబ్రవరి 2026

పెదనాన్నా,

అటు చూస్తూ కూర్చున్నాను. మూడు రోజులు కాదు, పది రోజులు దాటింది. ఖాదర్‌బీ రాలేదు.

తాలు చాప మీద ఇప్పుడు ఐదుగురే. షాజాదీ కూర్చునే చోటు ఖాళీగా వదిలి కూర్చుంటున్నారు, నేను చెప్పకుండానే.

నువ్వు చాలా రాశావు. రైతు గురించి, టీ గురించి, ఆవకాయ గురించి. ఖాదర్‌బీ అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు రాయలేదు. నువ్వు యార్డు మనిషివి. నిజం చెప్పు. ఎండకముందే కాయలు ఏరతారా?

తేజ


గుంటూరు
14 ఫిబ్రవరి 2026

అమ్మా తేజా,

ఏరరు.

ఆ ఒక్క మాట రాసి కవరు అంటిద్దామనుకున్నాను. మీ పెద్దమ్మ చూసి "మిగతాది కూడా రాయండి" అంది. మిగతాది ఏమిటో ఆమెకూ తెలియదు, యాభై ఏళ్ళ కాపురంలో చెప్పలేదు. అయినా అంది.

ఆ రోజుల్లో మాకు ఇంగ్లీషు ఆరో తరగతిలోనే మొదలయ్యేది. మొదలైన పది రోజులకే మాస్టారు అందరినీ నిలబెట్టి అక్షరాలు అప్పజెప్పమన్నారు. అప్పజెప్పినవాళ్ళకు బెంచీ. రానివాళ్ళకు నేల, నీళ్ళకుండ పక్కన. నేను సగం దాకా వచ్చి ఆగాను. కుండ పక్కన కూర్చున్నవాళ్ళకు ఆయన ఒక పని పెట్టారు, కుండ నింపడం. కొన్నాళ్ళకు నేను ఆ పనిలో ఆరితేరాను. చుక్క ఒలకకుండా బావి నుంచి తెచ్చేవాణ్ణి. బెంచీ వాళ్ళు నీళ్ళు తాగేవాళ్ళు, చదువుకునేవాళ్ళు. మాస్టారు చెడ్డవారు కాదు, "బాపయ్య నీళ్ళు చల్లగా ఉంటాయిరా" అని మెచ్చుకునేవారు కూడా. ఆ మెప్పు విన్న రోజే నాకు అర్థమైంది, ఇక నన్ను ఎవరూ బెంచీ మీదికి పిలవరని.

ఒక సోమవారం వెళ్ళలేదు. మంగళవారమూ వెళ్ళలేదు. చేను గట్టు మీద కూర్చుని బాట వైపు చూస్తూ ఉన్నాను, ఎవరైనా వచ్చి "ఏరా, ఎందుకు రాలేదు?" అని అడుగుతారేమోనని. అడిగితే వెళ్దామనే. వారం చూశాను. ఎవరూ రాలేదు. కుండ మరొకడు నింపి ఉంటాడు.

నాయన కాలు విరిగింది ఆ మరుసటేడు. అరవై ఏళ్ళకు పైగా ఆ కాలును ఒక ఏడాది ముందే విరగ్గొడుతూ వస్తున్నాను. పాపం ఆ ఎద్దు కూడా ఎంత నింద మోసిందో.

ఇదంతా మర్చిపోయాననుకున్నాను. నువ్వు అడగ్గానే "మూడు చాపలు పరుచు" అని ఎంత దర్జాగా రాశానో చూడు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఇచ్చే సలహా అది. కుండ దగ్గర కూర్చున్నవాడు ఎలా ఇచ్చాడో నాకే తెలియదు. నేను ఇంగ్లీషు నేర్చుకున్న డబ్బా మీద రాసే ఉంది కదా, పిల్లలకు దూరంగా ఉంచమని. నువ్వూ వినలేదు, నేనూ వినలేదు.

మర్యాద సంగతి వదిలెయ్. ఈ ఉత్తరం అందిన రోజే వెళ్ళు. తల్లిని కాదు, ముందు పిల్లను అడుగు, ఎందుకు రాలేదని. ఆ పిల్ల బాట వైపు చూస్తూ ఉంటుంది.

మీ పెదనాన్న


పొదిలి
1 మార్చి 2026

పెదనాన్నా,

నీ ఉత్తరం అందిన సాయంత్రమే వెళ్ళాను. ఊరికి అవతల కళ్ళం. పట్టాల మీద ఎర్రగా పరిచిన కాయలు, చుట్టూ పదిమంది ఆడవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని ఏరుతున్నారు. షాజాదీ తల్లి పక్కనే ఉంది. నన్ను చూసి తల దించుకోలేదు. చూస్తూనే ఉంది.

దగ్గరికి వెళ్ళి కూర్చుని "ఎందుకు రావట్లేదే బడికి?" అన్నాను.

అది ఆలోచించింది. నేను ఈసారి నిమిషం లెక్కపెట్టలేదు. చాలాసేపటికి "నువ్వు పిలవలా" అంది.

ఖాదర్‌బీ వినీ విననట్టు ఏరుతూనే ఉంది. నేనూ చెయ్యి పెట్టాను. పది కాయలు ఏరేసరికి చుట్టూ ఒకటే నవ్వు. "ఓయమ్మో, టీచరమ్మ మంచికాయంతా తాలులో పారేస్తంది!" అని ఒకావిడ అరిచింది. షాజాదీ నా చేతిలోంచి కాయ తీసుకుంది. వెలుగుకు పెట్టి చూసింది, తొడిమ దగ్గర నొక్కింది, చెవి దగ్గర ఆడించింది. అప్పుడు మంచి రాశిలో వేసింది. మరొకటి తీసి చూపిస్తే "నో. వెట్" అంది. ఇంకోటి. "డ్రై. గుడ్." పెదనాన్నా, అది ఇంగ్లీషు! నేను డిసెంబరులో నడిమి చాపకు చెప్పిన పాఠం. తలుపు దగ్గర కూర్చుని విన్నది. ఎవరూ అడగలేదు గనుక చెప్పలేదు. అప్పుడు తెలిసింది, ఆ పది బొమ్మలనూ ఇది కాయను చూసినట్టే చూసిందని. నా నిమిషం దానికి తొడిమ దాకా కూడా సరిపోలేదు.

"ఖాదర్‌బీ, నాకు ఏరడం రాదు" అన్నాను.

"చూస్తన్నాంగా" అంది. ఏరుతూనే, "పిల్లను పంపితే ఏ చాప మీద కూర్చోబెడతావు?" అంది.

"చాపలు తీసేశాను."

"తీసేస్తే పాఠం ఎట్టా చెబుతావు? కాన్వెంటు పిల్లోడికి ఒకటి కావాల, నా పిల్లకొకటి కావాల. అది నాకూ తెలుసు."

ఎలా చెప్పాలో నాకూ ఇంకా తెలియదన్నాను. రోజుకో రకంగా కూర్చోబెట్టి చూస్తానన్నాను. ఒక్కో పనికి ఒక్కొక్కరు ముందుంటారు, ముందున్నవాళ్ళు పక్కవాళ్ళకు చూపిస్తారు. కుదరకపోతే మళ్ళీ మారుస్తాను. ఖాదర్‌బీ ఒక కాయను వెలుగుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. ఈ తల్లీకూతుళ్ళిద్దరూ ఒకటే.

గురువారం షాజాదీ వచ్చింది. ఈ బడి ఏడాది అయ్యేదాకా పిల్లను వాళ్ళ నాయనమ్మ దగ్గర ఉంచి, తను ఒక్కతే గుంటూరు వస్తుందట ఖాదర్‌బీ. "ఈ ఏప్రిల్ దాకా చూస్తా" అంది. అంతే మాట ఇచ్చింది. అంతే తీసుకున్నాను.

నువ్వేమీ అనుకోనంటే ఒక సంగతి. పేరు చెప్పకుండా పిల్లలకు నీ కుండ కథ చెప్పాను. "ఆ అబ్బాయి మళ్ళీ బడికెళ్ళాడా?" అని అన్విత అడిగింది. వెళ్ళలేదన్నాను. "ఇప్పుడెక్కడున్నాడు?" గుంటూరులో. "ఇప్పుడు పిలవొచ్చు కదండీ?" అన్నాడు కార్తిక్. నాకు ఇంగ్లీషు పాఠం దొరికింది. ఇరవై ముగ్గురూ కలిసి కావలసిన మాటలు పోగుచేశారు. షాజాదీ రాసింది. మూడు రోజులు పట్టింది. నేను ఒక్క అక్షరం దిద్దలేదు. ఆ కాగితం ఈ కవరులోనే ఉంది. పెద్దమ్మ చూడకముందే కన్నీళ్ళతో తడిపేస్తావేమోనని ఇక్కడ తెలుగు అక్షరాల్లో కూడా రాస్తున్నాను:

"తాతా, యు కమ్. పాట్ ఫుల్. నో వాటర్ వర్క్. సిట్ నియర్ మీ. ఐ షో."

తేజ


గుంటూరు
6 మార్చి 2026

షాజాదీ గారికి, బాపయ్య రాయునది.

ఐ కమ్. మండే. మార్నింగ్ బస్.

ఇంతకు మించి ఇంగ్లీషు రాస్తే డబ్బా భాష వస్తుంది, అది మీకు వద్దు. మిగతాది మీ టీచరమ్మ చదివి వినిపిస్తుంది. నాకు అక్షరాలు సగం దాకా వచ్చు, మిగతా సగం తర్వాత ఎలాగో పట్టుకున్నాను. నేను నెమ్మది. మీరూ నెమ్మదేనని విన్నాను, కాబట్టి మనకు తొందరేం లేదు.

ఒకటే ఇబ్బంది. కింద కూర్చోగలను గాని, లేవాలంటే ఎవరైనా చెయ్యి ఇవ్వాలి. మీరు పక్కనే ఉంటారు కదా.